పన్నెండో దరఖాస్తు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే తల కనీసం సగమైనా నెరిసి ఉండాలని మా అమ్మ అభిప్రాయం. నాకింకా ముప్ఫై రెండే. (నెరిసిన వెంట్రుకలు మూడున్నాయి. వాటి అనుమతితోనే రాస్తున్నాను.) అయినా ఆ రోజుల్లో జరిగింది మామూలు సంగతి కాదు. నలుగురు యోధులు, ఒక కోట, దాన్ని ముట్టడించిన శత్రువు, సూర్యుడు వాలేలోగా పన్నెండో వీరుడు గుమ్మంలో అడుగు పెట్టకపోతే కోట నేలమట్టం. ఇలాంటి మహాకావ్యం ఒకటి మీకు వినిపించాలని కూర్చుని రెండు పేజీలు రాశాను కూడా. తర్వాత చదువుకుంటే నాకే సిగ్గేసింది. యోధులంటే ఎం.ఏ. పాఠాలు చెప్పే మేస్టర్లు. వాళ్ళలో ఒకరికి మోకాళ్ళ నొప్పులు. కోట అంటే పలాసకీ టెక్కలికీ మధ్య రోడ్డు పక్కన, జీడిపప్పు గోడౌన్ మీద అద్దెకు తీసుకున్న మేడ. శత్రువు ఒక సర్క్యులర్. కాబట్టి కావ్యం మీద ఆశ వదులుకోండి. నలుగురు చదువుకున్నవాళ్ళు ఒక మధ్యాహ్నం గడియారం చూడడం మరిచిపోయారు. జరిగింది అంతే.

యూనివర్సిటీ అసలు ప్రాంగణం మాకు చాలా దూరం. మాది దాని తోక. తెలుగు, చరిత్ర, తత్వశాస్త్రం మూడూ కలిపి ఒకే ఎం.ఏ. బోర్డు మీద 'మానవీయ శాస్త్రాల విభాగం' అని ఉండేది కానీ కింద గోడౌన్ వాళ్ళ బోర్డు దానికి మూడింతలు పెద్దది. నేను గెస్ట్ లెక్చరర్‌గా చేరిన మొదటి నెలలో మెట్లెక్కి మా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది గుండు పప్పు కిలో ఎంత అని అడిగినవాళ్ళే. జీడిపిక్కలు కాల్చే రోజుల్లో ఆ వాసన పాఠంలోకి, పుస్తకాల్లోకి, చివరికి మా మాటల్లోకి కూడా ఎక్కేది. తెలుగు నేను పాఠం చెప్పే సబ్జెక్టు, ఉద్యోగం మా అమ్మకి ఇష్టమైన సబ్జెక్టు. "మావోడు లెచ్చరర్ అయిపోనాడు" అని కంచిలి అంతా చెప్పేసింది. బస్టాండులో తెలియనివాళ్ళకి కూడా చెప్పింది. గెస్ట్ అనే మాట ఒకటి ముందుందని నేను రెండుసార్లు గుర్తు చేస్తే, "అతిథి అంటే ఇంకా గౌరవమే కదరా" అంది.

విభాగాన్ని నడిపేది పెద్దసారు. చరిత్ర ఆయనది. టెక్కలి దగ్గర కాస్త పొలమూ పుట్రా ఉన్న కుటుంబం. ఇంటి పట్టున ఉంటే ఊళ్ళో పెద్దరికం చేసుకుంటూ హాయిగా బతికేవారు. అలా కాకుండా, ఉద్దానం పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పీజీ కోసం దూరం పోయి హాస్టళ్ళలో ఉండలేక బి.ఏ.తో ఆగిపోతున్నారని, ఆరేళ్ళు యూనివర్సిటీ చుట్టూ తిరిగి ఈ కోర్సును ఇక్కడికి పట్టుకొచ్చారు. రెండోవారు తెలుగు మేడమ్. సోంపేటావిడ. చేతిసంచిలో ఎప్పుడూ ఒక పొడుగాటి నోటు పుస్తకం. ఎవరి నోట కొత్త మాట వినబడ్డా అందులోకి ఎక్కిపోయేది. మూడోవారు తత్వశాస్త్రం సారు. ఆయనకి పిల్లలు పెట్టిన పేరు సందేహం సారు. "గుడ్ మార్నింగ్ సార్" అంటే, ఒక్క క్షణం ఆగి, "చూద్దాం" అనేవారు. మోకాళ్ళ నొప్పులు ఈయనవే. నాలుగోవాణ్ణి నేను. ఇక మమ్మల్నందర్నీ నిజంగా నడిపే మనిషి ఇంకొకరున్నారు. ఆఫీసు మావ. యూనివర్సిటీ లెక్కలో సీనియర్ అసిస్టెంటు, మా లెక్కలో ప్రభుత్వం.

ఆఫీసు మావకి ఒక నియమం ఉంది. యూనివర్సిటీ నుంచి ఏ సంగతి వచ్చినా కంప్యూటర్‌లో చూసి, కాగితం మీద ప్రింటు తీసి, సర్క్యులర్ పుస్తకానికి అంటించి, అందరి చేతా సంతకాలు పెట్టించుకుంటేనే అది వచ్చినట్టు. అంతవరకూ నోరు విప్పడు. ఆ నియమం ఆయన సొంతం కాదు, మా వాళ్ళు చేసిందే. నేను చేరకముందు ఎప్పుడో ఆయన పరీక్ష తేదీ మారిందని నోటిమాటగా చెబితే, అది విన్నామని ఇద్దరు, వినలేదని ఒకరు వాదించుకున్నారట. ఆ వాదన ముగిశాక 'ఇకపై నోటిమాటను సమాచారంగా పరిగణించరాదు' అని తీర్మానం చేశారు. సందేహం సారు దానికి 'సమాచారం అంటే ఏమిటి' అని పేజీన్నర అనుబంధం కూడా రాశారు. తీర్మానాన్ని మేమంతా మరిచిపోయాం. మావ మరిచిపోలేదు.

ఇక శత్రువు. జూలై ఎండల్లో (మాకు ఎండాకాలం కాస్త ఆలస్యంగా వెళ్తుంది) ఒక సర్క్యులర్ వచ్చి, అంటించబడి, సంతకాలు పెట్టించుకుంది. నెలాఖరు సాయంత్రం ఐదు గంటల్లోగా కనీసం పన్నెండుమంది చేరకపోతే ఈ కోర్సు నిలిపివేయబడును. అప్పటికి మాకున్నది ఏడుగురు. పెద్దసారు ఆ కాగితాన్ని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు. అంకె మారలేదు. "ఒకసారి ఆపితే మళ్ళీ తెరవరు" అన్నారు మెల్లగా. నేను మా అమ్మ గురించి ఆలోచించాను. కంచిలి బస్టాండులో ఎంతమందికి సమాచారం వెనక్కి తీసుకోవాలో లెక్క వేశాను.

చుట్టుపక్కల కాలేజీలన్నీ వేసవిలో చేసే పనే మేమూ చేయాలని నిర్ణయమైంది. మేస్టర్లు ఊరూరా తిరిగి, గడప గడపకీ వెళ్ళి, పిల్లల్ని చేర్చుకోవడం. దానికి ముందు ఒక కరపత్రం కావాలి. వేరే కాలేజీల కరపత్రాల్లో కోటు వేసుకున్న కుర్రాడు ఆకాశంలోకి చూస్తుంటాడు, కింద ఉజ్వల భవిష్యత్తు అని ఉంటుంది. మా కరపత్రానికి తొమ్మిది రోజులు పట్టింది. నేను మొదటి ప్రతి రాశాను, ఉజ్వల భవిష్యత్తుతో సహా. సందేహం సారు ఎర్ర పెన్నుతో ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, "దీనికి ఆధారం?" అన్నారు. తీసేశాను. పెద్దసారు మన ప్రాంతపు విద్యాచరిత్ర రెండు వాక్యాల్లో ఉండాలన్నారు. అవి ఇరవై ఆరు వాక్యాలయ్యాయి. మేడమ్ వాటిని తెలుగులోకి మార్చారు. (అవి అప్పటికే తెలుగులో ఉన్నాయని నేను అనుకున్నాను.) మార్చిన ప్రతిసారీ నలుగురికీ నాలుగు కాపీలు. పదిహేడు చిత్తుప్రతులు. చివరి ప్రతిని ప్రెస్సుకి ఇస్తే వాడు తప్పులు వేస్తాడని మేడమ్ పట్టుబట్టడంతో ఐదువందల కాపీలూ ఆఫీసు ప్రింటర్‌లోనే. మావ గుమ్మంలో నిలబడి, "కాయితాలు అయిపోతన్నాయి సార్" అని మూడుసార్లు అన్నాడు. నోటిమాట కాబట్టి ఎవరూ పరిగణించలేదు.

అలా తయారైన కరపత్రంలో చివరికి మిగిలిన ముఖ్యమైన వాక్యాలు ఇవి. 'ఈ చదువు వల్ల ఉద్యోగం వస్తుందని మేము చెప్పలేము. చెప్పేవారిని నమ్మవద్దు. చదివిన తర్వాత మీ ఊరిని మీరు ఇప్పుడు చూసినట్టు చూడలేరని మాత్రం చెప్పగలము.' నేను పలాస నుంచి బారువ దాకా చాలా కరపత్రాలు చూశాను. పిల్లలు చేరకుండా ఉండటానికి ఇంత కష్టపడి రాసిన కరపత్రం ఇంకొకటి చూడలేదు.

తిరగడానికి మా బావ ఆటో మాట్లాడాను. మా మేనత్త కొడుకు, బి.ఏ. పాసై ఆటో తోలుతున్నాడు. మొదటి రోజు కంచిలి. కొబ్బరితోటలో ఒక కుర్రాడు దొరికాడు. డిగ్రీ అయింది, ఖాళీగా ఉన్నాడు, చేరిపోతానన్నాడు. వాళ్ళ నాన్న కూడా సరేనన్నాడు. నేను ఫారం తీస్తుంటే సందేహం సారు, "ఎందుకు చేరదామనుకుంటున్నావు బాబూ" అని అడిగారు. "ఖాళీగా ఉన్నాను కదండి." "ఖాళీగా ఉండడం ఒక కారణమా, కారణం లేకపోవడమా?" కుర్రాడు చెట్టుకి ఆనుకుని ఆలోచనలో పడ్డాడు. గంట ఆలోచించాడు. మేము రెండేసి బొండాలు తాగాం. చివరికి వాడు, "సార్, నాకు మోటార్లు బాగుసెయ్యడం ఇట్టం. ఇన్నాల్లూ ఎవురూ అడగనేదు" అన్నాడు. మర్నాడే వైజాగ్ వెళ్ళి ఏదో మెకానిక్ కోర్సులో చేరాడు. వాళ్ళ నాన్న సంతోషంతో మా విభాగానికి ఒక గెల బొండాలు పంపాడు. అడ్మిషన్ల పట్టికలో బొండాలకి గడి లేదు.

బారువలో మేడమ్ ఒక ఇంటికి, అక్కడి అమ్మాయిని కోర్సులో చేర్పించడానికి వెళ్ళారు. ఆ అమ్మాయి నాయనమ్మ పెరట్లో చేపలు ఎండబెడుతోంది. మేడమ్ మూడు గంటల తర్వాత మొహమంతా వెలిగిపోతూ బయటికి వచ్చారు. ఎండు చేపలకి సంబంధించి ముప్ఫై ఎనిమిది మాటలు దొరికాయి. "అమ్మాయి చేరుతుందా మేడమ్" అన్నాను. "ఏ అమ్మాయి?" అన్నారు. (ఆ అమ్మాయి మేడమ్‌కి రెండుసార్లు మంచినీళ్ళు ఇచ్చింది. తర్వాత తనంతట తనే వచ్చి చేరింది. నాయనమ్మని అంతసేపు కూర్చోబెట్టి విన్నవాళ్ళు ఎలాంటివాళ్ళో చూద్దామని వచ్చిందట.) పెద్దసారు ఏ ఇంటికి వెళ్ళినా వాళ్ళ పాత దస్తావేజుల పెట్టె తెరిపించి నేలమీద కూర్చునేవారు. ఇలా తిరిగి తిరిగి ఇంకో ఇద్దరు దయతలిచాక పది అయింది. పదకొండోవాడు మా బావ. ఒక రోజు ఆటో రోడ్డు పక్కన ఆపి, "బావా, రోజూ మిమ్మల్ని తిప్పడం కన్నా సేరిపోడం సులువు. ఆ ఫారం ఇలా తే" అన్నాడు. పదకొండు దగ్గర బండి ఆగిపోయింది. నెలాఖరు రానే వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకి మెట్ల మీద చప్పుడైంది. పప్పు రేటు కోసమే అనుకున్నాం. ముప్ఫై నాలుగు, ముప్ఫై ఐదేళ్ళ ఆవిడ. కొంగు నడుముకి దోపుకుని ఉంది. ఒక చేతిలో ప్లాస్టిక్ సంచిలో సర్టిఫికెట్లు, ఇంకో చేతిలో మా కరపత్రం. దాని వెనక వైపు పెన్సిల్‌తో పప్పు మూటల లెక్క రాసి ఉంది. (కింద గోడౌన్‌లో మా కరపత్రాలు ఎలా ఉపయోగపడుతున్నాయో అప్పుడు తెలిసింది.)

"ఇది రాసింది ఎవురండీ" అంది.

ఫిర్యాదేమోనని నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "అందరం కలిసి రాశామమ్మా" అన్నారు పెద్దసారు, శిక్ష పంచుకునే ఉద్దేశంతో.

"ఉద్యోగం వొత్తాదని సెప్పలేమని రాసారు. నా దగ్గరికొచ్చిన కాయితాల్లో అబద్దం నేని కాయితం ఇదొక్కటే. అందుకని వొచ్చేను. బి.ఏ. దూరవిద్యలో సదివేను. ఒకపూట సెలవెట్టేను. సీటుందేటి?"

ఆవిడ పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగు చేసేది. పప్పుని గుండు, బద్ద, ముక్క అని వేరు చేసే పని. అంతకుముందు కొన్నేళ్ళు పిక్కలు కొట్టింది. వేళ్ళ చివర్లలో జీడి అంటిన ఆ పాత నలుపు ఇంకా ఉంది. ఫ్యాక్టరీ వాళ్ళు పొద్దుటి షిఫ్టు ఇస్తామన్నారు, మధ్యాహ్నం క్లాసులకి రాగలదు. అన్ని సర్టిఫికెట్లూ ఉన్నాయి. చేయాల్సిందల్లా ఫారం నింపడం, పెద్దసారు సంతకం పెట్టడం, మావ కంప్యూటర్‌లో ఎక్కించడం. పది నిమిషాల పని. ఐదింటికి ఇంకా రెండున్నర గంటలు. పన్నెండో మనిషి మా ఎదురుగా నిలబడి ఉంది.

అప్పుడు పెద్దసారు, "కూర్చో తల్లీ, చిన్న ఇంటర్వ్యూ" అన్నారు.

ఇంటర్వ్యూ అనేది నియమాల్లో లేదు. ఆ మాట నేను గట్టిగా చెప్పాల్సింది. కానీ మీరు మా వాళ్ళ పరిస్థితి కూడా అర్థం చేసుకోవాలి. అప్పటిదాకా చేరిన పదకొండుమందినీ ఈ కోర్సు ఎందుకు అని అడిగితే వచ్చిన జవాబులు ఖాళీగా ఉన్నాను దగ్గర మొదలై, ఆటో తిప్పలేక దగ్గర ముగిశాయి. కరపత్రం చదివి వచ్చిన మనిషి ఈవిడొక్కతే. ఎడారిలో నెలరోజులు తిరిగినవాళ్ళ ముందు చెంబు నీళ్ళు పెట్టి, పది నిమిషాల్లో ఫారం నింపి పంపేయమంటే ఎలా.

సందేహం సారు మొదలుపెట్టారు. "ఇది గుండు, ఇది బద్ద అని మీకు ఎలా తెలుస్తుంది?"

"సూత్తే తెలుస్తాది సార్."

"చూపు మోసం చేయదా?"

"సేత్తాది. అందుకే సేత్తో ఒకపాలి తిప్పుతాం. పైకి గుండులాగే ఉంతాది, లోపల పగులుంతాది. బల్ల మీద ఏత్తే సప్పుడు తేడా."

"అంటే కన్ను, చెయ్యి, చెవి. మూడూ ఒకటే చెబితే అది గుండు అని ఖాయం."

"మూడూ సెప్పినా సూపర్‌వైజరు బద్దంటే బద్దే సార్."

సందేహం సారు పెన్ను కింద పెట్టారు. "మనకి ఏదైనా ఎలా తెలుస్తుందనే దాని మీద ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. సూపర్‌వైజర్ సంగతి నాకు తట్టలేదు" అన్నారు. ఆయన ఒక విషయం ఒప్పుకోవడం నేను చూసింది ఆ రోజే.

తర్వాత మేడమ్ నోటు పుస్తకం తీశారు. పగులున్న గుండుని ఏమంటారు, పొట్టు వదలని పప్పుని ఏమంటారు, పని అయ్యాక చేతులు దేనితో తుడుచుకుంటారు. ఆవిడ చెబుతోంది, మేడమ్ రాస్తున్నారు, మధ్యలో ఆవిడ, "ఇవన్నీ రాసి ఏటి సేత్తారు" అని ఎదురు అడిగింది. మేడమ్ దానికి జవాబు చెప్పబోయి, ఆగి, పావుగంట నిజంగా ఆలోచిస్తూ జవాబు చెప్పారు. మేడమ్ ఎందుకు మాటలు పోగేస్తున్నారో ఆ విభాగంలో మాకెవరికీ అంతవరకూ తెలియదు. మేమెప్పుడూ అడగలేదు. నాలుగున్నరకి ఆఫీసు మావ గుమ్మంలోంచి తల పెట్టి, "సార్, ఆ ఫారం..." అన్నాడు. "ఒక్క నిమిషం" అని నలుగురం ఒకేసారి అన్నాం.

అప్పుడు పెద్దసారు అడిగారు, చరిత్ర ఎందుకు తల్లీ అని. ఆవిడ కాసేపు కరపత్రం మడతలు సరిచేసుకుంది.

"మాది మూలపేట పక్కన సార్. మా ఊరికి పోర్టు వొత్తంది. మాయమ్మమ్మది బారువ. అక్కడ ముందు పోర్టుండీది, పోయింది. ఓడలొచ్చీవని, ఆల్ల తాత మూటలు మోసీవోడని మాయమ్మమ్మ సెప్పీది. ఆ ఓడలు ఆగిపోయిన్నాడు ఆ మోసినోల్లందరూ ఏటయ్యారో ఎవుర్ని అడిగినా సెప్పరు. వొచ్చే పోర్టు గురించి పేపర్లో రోజూ రాత్తన్నారు. పోయిన పోర్టు గురించి సెప్పడానికి మాయమ్మమ్మ ఒక్కత్తే ఉండీది, ఆవిడా ఎల్లిపోయింది. రేపు మా ఊరూ అంతే కదా. ఇయ్యాల ఎవులిల్లు ఎక్కడుంది, ఎవులు ఏ పని సేత్తన్నారు, నేనైనా రాసి ఎట్టుకుందామని. ఎలగ రాయాలో తెల్దు. మీరది నేర్పుతారేటి?"

 ఇలాంటి చోట ఒక జోకు వేసి అందర్నీ నేలమీదికి దించడం నా వృత్తి. ఆ రోజు వేయలేదు.  నాలుగూ యాభై అయింది. ఈ సంగతి నేను ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. నాలుగూ యాభైకి నేను గోడ గడియారం చూశాను. స్పష్టంగా చూశాను. ఇంకా పది నిమిషాలుంది. లేచి ఫారం తీసి సంతకం పెట్టించవచ్చు. అప్పుడే పెద్దసారు కుర్చీ ముందుకి లాక్కుని, "నేర్పుతానమ్మా. ముందు నువ్వు మీ వీధితో మొదలుపెట్టు" అని, బల్ల మీదున్న పాత చిత్తుప్రతి తిరగేసి, దాని మీద ఆవిడ చేత వాళ్ళ వీధి పటం గీయించడం మొదలుపెట్టారు. ఆవిడ చేప మార్కెట్టు దగ్గర ఆగి, ఇక్కడ ముందు ఎవరిల్లుండేదో గుర్తు తెచ్చుకుంటోంది. ఆపబుద్ధి కాలేదు. ఒక్క నిమిషం అనుకున్నాను. ఐదింటికి మావ మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, "ఎల్తన్నాను సార్" అన్నాడు. పెద్దసారు పటం మీంచి తల ఎత్తకుండానే, "ఆఁ, మంచిది" అని చెయ్యి ఊపారు.

కింద గోడౌన్ షట్టరు దడదడమని దిగింది. వాళ్ళు రోజూ ఐదుంబావుకి దించుతారు. మేము నలుగురం ఒకేసారి తలెత్తి గడియారం చూశాం. పెద్దసారు చేతిలో పెన్సిల్ అలాగే ఉండిపోయింది. ఆఫీసు గదికి తాళం. మావకి ఫోన్ చేస్తే ఆయన మనవరాలు ఎత్తి, "తాత నీల్లోసుకుంతన్నాడు" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే అసలు ఎత్తలేదు. ఎత్తినా లాభం ఏముంది. ఐదు దాటితే ఆ పేజీ మూసుకుంటుందని సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. మేము సంతకాలు కూడా పెట్టాం.

"తప్పు మాది తల్లీ. నీది కాదు" అన్నారు పెద్దసారు. 

"నాది కాదని నాకు తెల్సు సార్" అంది ఆవిడ. సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుంటూ, "గోడకొక గడియారం, మీ నలుగురి సేతులకీ నాలుగు. అయిదు గడియారాలు. ఒక్కటైనా ఎవురూ సూడనేదా?" అని మా వైపు వరసగా చూసింది. నా దగ్గర చూపు ఆగినట్టు నాకు అనిపించింది. ఆగకపోయి కూడా ఉండవచ్చు. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, బల్ల మీద వీధి పటం చూపించి, "అది నాకిచ్చీండి. పూర్తి కానేదు" అంది. పెద్దసారు దాన్ని చుట్టి రెండు చేతులతో ఇచ్చారు.

బావ ఆవిడని ఆటోలో టెక్కలి బస్టాండుకి దింపి వచ్చాడు. "పన్నెండు అవకపోతే నా సీటూ పోతాదేటి బావా" అన్నాడు. పోతుందన్నాను. సంతోషిస్తాడనుకున్నాను. చాలాసేపు హ్యాండిల్ తుడుస్తూ నిలబడి, "నోటు పుస్తకాలకి అట్టలేసీసినాను" అన్నాడు.

మర్నాడు తొమ్మిదింటికే నలుగురం చేరాం. యూనివర్సిటీకి ఉత్తరం రాయాలి, ఒక్క పేరు ఆలస్యంగా ఒప్పుకోమని. నేను చేత్తో రాస్తున్నాను. 'అనివార్య కారణాల వల్ల' అని మొదలుపెట్టగానే సందేహం సారు ఆపారు. "అనివార్యం కాదు. నివారించవచ్చు. మనం మాట్లాడుకుంటున్నాం" అన్నారు. సాంకేతిక లోపం అని రాద్దామన్నాను. లోపం మనలో ఉంది, యంత్రంలో లేదన్నారు మేడమ్. చివరికి పెద్దసారు తనే కాగితం తీసుకుని, 'అభ్యర్థినితో సంభాషణలో ఉండి మేము నలుగురమూ గడువును మరచిపోయినాము. ఆమె పొరపాటు ఏమీ లేదు. ఇందుకు నా మీద ఏ చర్య తీసుకున్నా అంగీకరిస్తాను. ఆమెకు మాత్రం సీటు ఇప్పించండి' అని రాసి సంతకం పెట్టారు. ఆయన కింద మేడమ్ పెట్టారు. సందేహం సారు ఎందుకని అడగకుండా పెట్టారు. నేనూ పెట్టాను. మరచిపోయినాము అన్న మాట చూసి నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. నలుగురిలో మరచిపోయింది ముగ్గురే.

ఇప్పుడు నేను వేరే కాలేజీలో పనిచేస్తున్నాను. గెస్ట్ అనే మాట పోయింది, మా అమ్మ దాన్ని మిస్సవుతోంది. ఇక్కడ అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతాయి. గడువుకి మూడు రోజుల ముందే పేర్లన్నీ ఎక్కించేస్తాం. కరపత్రంలో కోటు వేసుకున్న కుర్రాడున్నాడు. చేరడానికి వచ్చినవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. ఆధార్ అడుగుతారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎవరో ఒకరు ఫారం చేతిలో పట్టుకుని నా బల్ల దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతారు, ఏదో అడిగితే చెబుదామన్నట్టు. నాలుగూ యాభైకి గడియారం చూసి కూడా నోరు మెదపని ఆ కుర్ర గెస్టు నాకు అప్పుడు గుర్తొస్తాడు. వాడు చేసింది తప్పే. కానీ అంత మంచి క్లాసులో నేను మళ్ళీ కూర్చోలేదు.

ఆ ఉత్తరం ఏమైందని అడుగుతారేమో. పంపలేదు. పదిన్నరకి ఆఫీసు మావ స్కూటర్ మీద కాయితాల కట్ట పెట్టుకుని పలాస నుంచి వచ్చాడు. కట్ట విప్పి, ప్రింటర్‌లో పెట్టి, ఒక కాగితం తీసి, సర్క్యులర్ పుస్తకానికి అంటించి మా ముందు పెట్టాడు. ప్రతి ఏడూ పెంచినట్టే ఆ ఏడూ అడ్మిషన్ల గడువు పదిహేను రోజులు పెంచారు. నిన్ననే ఎందుకు చెప్పలేదు మావా అంటే, "నోటితో సెప్తే మీరు ఒప్పుకోరు కదేటి బావూ. సంతకం ఎట్టండి" అన్నాడు. పెట్టాం. ఆ మధ్యాహ్నమే బావ ఆవిడని ఆటోలో తీసుకొచ్చాడు, పన్నెండో ఫారం ఎక్కింది. గడువు పెంచిన కబురు ముందురోజు ఉదయం పదకొండింటికే కంప్యూటర్‌లోకి వచ్చింది. ప్రింటర్‌లో కాయితాలు లేవు.